పన్నెండేళ్ళకే తారలా?

ఆదివారం ఉదయం ఏడు గంటలకు, వట్లూరులో మా ఇంటి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ ఐస్ హాకీ చూస్తానని పదేళ్ళ క్రితం ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. మా కొల్లేరు ఎండిపోవడం చూశాను, పొంగి ఊళ్ళ మీదికి రావడం చూశాను. గడ్డకట్టడం మాత్రం ఎవరూ చూడలేదు, చూడబోరు. కానీ మా అమ్మాయి కుటుంబం కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో స్థిరపడింది. మనకు ఆదివారం ఉదయం ఏడు అయ్యేసరికి అక్కడ చలికాలంలో శనివారం రాత్రి ఎనిమిదిన్నర. మనవడు ఆడుతుంటే అమ్మాయి ఫోన్ ఎత్తి పట్టుకుంటుంది, నేను ఇక్కడ చూస్తాను. తాడేపల్లిగూడెంలో పుట్టి పెరిగి, మంచు అంటే ఐస్‌ఫ్రూట్ బండి మాత్రమే తెలిసిన మా అల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని కొడుకు స్కేట్ల తాళ్ళు బిగిస్తుంటాడు.

ఆ రోజు జరుగుతున్నది పన్నెండేళ్ళ పిల్లల టోర్నమెంటు. అరవై మీటర్ల మంచు గచ్చు, తలకు హెల్మెట్లు, ముఖానికి ఇనుప జాలీలు, ఒంటినిండా మెత్తలు. మైకులో ఒకాయన పిల్లల పేర్లు ఒక్కొక్కటిగా చదువుతూ "రేపటి తారలు" అని పరిచయం చేస్తున్నాడు. చప్పట్లు మోగుతున్నాయి. మా వాడి పేరు మాత్రం ఆ వరుసలో లేదు. వాడు రెండో శ్రేణి జట్టులో ఉన్నాడు, వాడి ఆట మరో గంట తర్వాత.

"నాన్నగారూ, ఈసారి కూడా వీణ్ణి పై జట్టులోకి తీసుకోలేదు. మిగతా పిల్లల పక్కన మరీ చిన్నగా కనిపిస్తున్నాడట. ఏదైనా టానిక్కు, ప్రొటీన్ పొడి లాంటిది ఇవ్వమంటారా?" అని అడిగింది అమ్మాయి.

ముప్పై ఆరేళ్ళ వైద్యవృత్తిలో ఏలూరు చుట్టుపక్కల తల్లిదండ్రుల నోట ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చివరికి నా ఇంట్లోనే వినవలసి వచ్చింది. జవాబుగా నేను ఒక్కటే అడిగాను: "వాడు ఏ నెలలో పుట్టాడమ్మా?"

"నవంబరులో. మీకు తెలియనిదా?" అంది విసుగ్గా.

నాకు తెలుసు. ఆమె ఆ నెల సంగతి ఒకసారి ఆలోచించాలని అడిగాను. ఈ వ్యాసం రాయడానికి కారణమూ అదే.

కెనడాలో పిల్లల హాకీలో వయసు లెక్కకు గీత డిసెంబరు 31. ఒకే సంవత్సరంలో పుట్టినవారందరూ ఒకే తరగతి. అంటే జనవరి రెండున పుట్టినవాడూ, డిసెంబరు ముప్పైన పుట్టినవాడూ ఒకే జట్టులో చోటుకోసం పోటీపడతారు. ముప్పై ఏళ్ళ మనిషికి ఏడాది తేడా లెక్కలోనిది కాదు. పదేళ్ళ పిల్లవాడికి అది తన జీవితంలో పదో వంతు. ఆ ఏడాదిలో అయిదారు సెంటీమీటర్ల ఎత్తు, రెండు మూడు కిలోల బరువు, పన్నెండు నెలల సాధన ఇమిడి ఉంటాయి.

ఈ సంగతి మొదట పట్టుకున్నది రోజర్ బార్న్స్‌లీ అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త. ఆ ఘనత సగం ఆయన భార్యది కూడా. 1980 దశకంలో ఆల్బర్టా రాష్ట్రంలోని లెత్‌బ్రిడ్జ్ అనే ఊరిలో వారు కుటుంబంతో కలిసి యువకుల హాకీ ఆట చూడబోయారు. అక్కడ పంచిన కాగితంలో ఆటగాళ్ళ పుట్టిన తేదీలు చూసి ఆమె, "వీళ్ళంతా ఏమిటి, జనవరి, ఫిబ్రవరి, మార్చిలోనే పుట్టారు?" అన్నదట. బార్న్స్‌లీ ఇంటికి వెళ్ళి మిగతా జట్ల జాబితాలు తిరగేశాడు. 1985లో ఆ పరిశీలన ప్రచురితమైంది. మేటి జట్లలో నూటికి సుమారు నలభై మంది సంవత్సరపు మొదటి మూడు నెలల్లో పుట్టినవారే. చివరి మూడు నెలల్లో పుట్టినవారు పదిమందికి అటూ ఇటూ. తారాబలం అంటే మనం జాతకాలు చూస్తాం. అక్కడ కాలెండరు చూస్తే చాలు!

ఇది నక్షత్రాల మహిమ కాదని వేరే చెప్పనక్కరలేదు. తొమ్మిదేళ్ళప్పుడు కాస్త పెద్దగా ఉన్నవాణ్ణి "బాగా ఆడుతున్నాడు" అని పై జట్టులోకి తీసుకుంటారు. పై జట్టుకు మంచి శిక్షకుడు, ఎక్కువ సాధన, ఎక్కువ ఆటలు. రెండేళ్ళు తిరిగేసరికి వాడు నిజంగానే బాగా ఆడతాడు. తొలినాటి తప్పు అంచనా తనను తానే నిజం చేసుకుంటుంది. వెనక మిగిలిన నవంబరు పిల్లవాడు "మనకు ఇది రాదులే" అనుకుని పదమూడో ఏట స్కేట్లు అటక మీద పడేస్తాడు.

తర్వాతి కథ మరింత ఆసక్తికరం. చిన్నప్పుడు వెనకబడినా ఆట వదలకుండా పట్టుకు వేలాడినవారు పెద్దయ్యాక ఏమయ్యారని ఇతర పరిశోధకులు చూశారు. ఉత్తర అమెరికా పెద్దల లీగ్ ఆటగాళ్ళ ఎంపికలను పరిశీలిస్తూ 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, సంవత్సరం రెండో సగంలో పుట్టినవారు ఎంపికలో తక్కువమందే ఉన్నా, వారి సంఖ్యకు మించి ఆటలు ఆడారనీ, మించి గోల్స్‌లో పాలుపంచుకున్నారనీ తేలింది. పెద్దవాళ్ళతో తలపడి, బలం చాలనిచోట తెలివి వాడి నేర్చుకున్న ఆట అది. అంటే పన్నెండేళ్ళ వయసులో ఎంచినవాళ్ళు పొరబడ్డారు. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించినది పిల్లలు.

"మరి అలాంటి టోర్నమెంట్లలోంచే కదా మహామహులు వచ్చారు?" అని మీరు అడగవచ్చు. నిజమే. 1960 నుంచి క్యుబెక్ నగరంలో ఏటా ఫిబ్రవరిలో పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు 'పీవీ' హాకీ టోర్నమెంటు జరుగుతోంది. (పీవీ అనగానే మనకు సింధు గుర్తొస్తుంది; అక్కడ అది 2020 దాకా ఆ వయసు పిల్లల తరగతికి ఉన్న పేరు.) గీ లాఫ్లూర్ అక్కడ ఆడాడు. 1974లో వేన్ గ్రెట్‌స్కీ ఆడాడు. ఆ పేర్లు ప్రతి ఏడూ చెబుతారు. కానీ ఈనాడు అక్కడికి వందకు పైగా జట్లు వస్తాయి. జట్టుకు పదిహేను మంది చొప్పున చూసినా ఒక్క ఏడాదికి పదిహేను వందల మంది పిల్లలు. వారిలో అత్యధికులు ఎదిగి ఉపాధ్యాయులో, వడ్రంగులో, నావంటి వైద్యులో అయి ఉంటారు. వారి పేర్లు మైకులో చదవరు. ఇంకొక మాట: పదేళ్ళ వయసులో ఒకే సీజనులో 378 గోల్స్ చేసిన ఆ గ్రెట్‌స్కీ కూడా వేసవి వస్తే హాకీ కర్ర పక్కన పడేసి బేస్‌బాల్, లక్రాస్ ఆడుకునేవాడు. ఆరేళ్ళకే ఒక్క ఆటకు కట్టివేసి, సంవత్సరమంతా పొద్దున్నే నాలుగున్నరకు లేపే మన తల్లిదండ్రులు ఆ సంగతి గమనించాలి.

ఇక మన ఊరి సంగతి.

మనకు మంచు గచ్చులు లేవుగాని టోర్నమెంట్లకు కొదవ లేదు. సంక్రాంతికి లంక గ్రామాల్లో కబడ్డీ, వాలీబాల్. ఏలూరు అల్లూరి సీతారామరాజు స్టేడియంలో పోటీలు. పాఠశాల క్రీడల్లో పద్నాలుగేళ్ళ లోపు, పదిహేడేళ్ళ లోపు, పందొమ్మిదేళ్ళ లోపు అని మూడు తరగతులు. బ్యానర్ల మీద "భావి క్రీడారత్నాలు" అని ముద్రిస్తారు. కెనడాలో జనవరి పిల్లవాడికి కలిసివచ్చేది దైవికం. మన దగ్గర దాన్ని మనమే తయారు చేసుకుంటాం.

నా సంగతే చెబుతాను. మా అమ్మ లెక్క ప్రకారం నేను దీపావళి వెళ్ళిన నాలుగో నాడు పుట్టాను. నా సర్టిఫికెట్టులో ఉన్నది జులై ఒకటి. బడిలో వేసేనాడు మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమని, అందింది గనుక అయిదేళ్ళు నిండాయని తీర్మానించి ఒక తేదీ వేశారు. మా తరంలో సగం మందికి జూన్, జులై నెలల్లోనే పుట్టినరోజులు ఎందుకు వచ్చాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అది అమాయకత్వం. ఇప్పుడు జరిగేది వేరు. పిల్లవాడు ఆటలో చురుగ్గా ఉంటే ఒకటి రెండేళ్ళు తగ్గించిన కాగితం పుట్టిస్తారు. నూనూగు మీసాలు వచ్చినవాడు పద్నాలుగేళ్ళ లోపు జట్టులో నిలబడతాడు. ఎదురుగా నిజంగా పదమూడేళ్ళవాడు నిలబడతాడు. కబడ్డీలో ఆ ఇద్దరూ ఢీకొంటారు.

దీన్ని అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2010లో వయసు మోసాలపై జాతీయ నియమావళి తెచ్చింది. క్రికెట్‌లో పిల్లల మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు కడుతున్నారు. ఫుట్‌బాల్‌లో 2009 నుంచి పదిహేడేళ్ళ లోపు ప్రపంచ కప్పుకు ఎమ్మారై స్కాన్ తీస్తున్నారు. ఇవి అవసరమే. అయితే వైద్యుడిగా ఒక హెచ్చరిక చేయాలి. ఎక్స్‌రే చెప్పేది ఎముక ఎంత పండిందన్న సంగతి. పుట్టిన తేదీ దానికి తెలియదు. ఏ మోసమూ లేకుండా పదమూడేళ్ళ పిల్లలిద్దరి ఎముకల వయసులో మూడు నాలుగేళ్ళ తేడా ఉండవచ్చు. ఒకడికి పన్నెండుకే గొంతు మారుతుంది, ఇంకొకడికి పదిహేనుకు మారుతుంది. ఇద్దరూ ఆరోగ్యవంతులే. ముందు ఎదిగినవాడు ముందు ఆగుతాడు. ఆలస్యంగా ఎదిగినవాడు పద్దెనిమిదేళ్ళకు అతణ్ణి అందుకుంటాడు, ఒక్కోసారి దాటిపోతాడు. తల్లిదండ్రులు అడిగే టానిక్కులకు, డబ్బాల్లో అమ్మే పొడులకు ఈ గడియారాన్ని తిప్పే శక్తి లేదు. పూట పూటకు అన్నం పప్పు, గుడ్డు, పాలు, మన కొల్లేటి చేప, రాత్రి తొమ్మిది గంటల నిద్ర: ఇంతకు మించినది అక్కరలేదు. ఏడాదికి నాలుగు సెంటీమీటర్లైనా పెరగని పిల్లవాడిని మాత్రం తప్పక వైద్యుడికి చూపించండి.

పెరిగే వయసులో శరీరానికి ఇంకొక బలహీనత ఉంది. పొడవాటి ఎముకల కొసల దగ్గర మృదులాస్థి పొర ఉంటుంది, ఎముక పెరిగేది అక్కడినుంచే. ఆ పొర చుట్టూ ఉన్న కీలు బంధనాల కంటే మెత్తన. పెద్దవాడికి కాలు మడతపడితే బెణుకుతుంది. అదే దెబ్బకు పన్నెండేళ్ళవాడికి ఆ పొర దగ్గర విరగవచ్చు. బెణుకేలే అని పసుపు సున్నం పట్టించి, నాటుకట్టు కట్టించి, రెండు నెలల తర్వాత కాలు వంకరైందని తెచ్చిన పిల్లలను నేను చూశాను. మోకాలి చిప్ప కింద బుడిపెలాగా లేచి నొప్పి పెడుతోందని వచ్చే పిల్లలు మరీ ఎక్కువ. రోజూ పరుగులు, గెంతులు విశ్రాంతి లేకుండా చేయించడం వల్ల వచ్చేది అది. ఆట తగ్గిస్తే తగ్గుతుంది. "సెలక్షన్లు ఉన్నాయి డాక్టరు గారూ, ఇంజెక్షన్ చేయండి" అంటారు.

వీటన్నిటికన్నా నన్ను వెంటాడేది తల దెబ్బ. దాన్ని గురించి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

చాలా ఏళ్ళ క్రితం ఒక సంక్రాంతి టోర్నమెంటుకు నన్ను వైద్యుడిగా పిలిచారు. కూతకు వెళ్ళిన కుర్రవాడి కణతకు అవతలి జట్టువాడి మోకాలు తగిలింది. వాడికి పద్నాలుగేళ్ళుంటాయి. కొన్ని క్షణాలు అలాగే పడి ఉన్నాడు, తర్వాత లేచాడు. నేను వెళ్ళి పేరు, ఊరు అడిగాను, చెప్పాడు. వేళ్ళు చూపించి ఎన్నని అడిగాను, సరిగానే చెప్పాడు. చుట్టూ జనం ఈలలు వేస్తున్నారు, ఆఖరి ఆట, నాలుగు పాయింట్ల తేడా. "ఏం ఫరవాలేదు, ఆడనివ్వండి" అన్నాను. ఇంకో రెండుసార్లు కూతకు వెళ్ళాడు, రెండుసార్లూ నేలకు కొట్టారు. ఆ రాత్రి వాంతులు. స్కానులో రక్తస్రావం ఏమీ లేదు, నా అదృష్టం. కానీ మూడు నెలలపాటు వాడికి వెలుతురు చూస్తే తలనొప్పి, చదివింది గుర్తుండదు, ఊరికే కోపం. పదో తరగతి ఒక ఏడాది వెనకబడింది. వాళ్ళ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. "పెద్దవారు, మీరు చూశారు కదా అని ధైర్యంగా ఉన్నాం" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

పేరు, ఊరు చెప్పగలిగినంత మాత్రాన మెదడు బాగున్నట్టు కాదు. దెబ్బకు మెదడు పుర్రెలో అదిరి, కొంతకాలం దాని పని గతి తప్పుతుంది. దీన్ని కన్‌కషన్ అంటారు. స్పృహ తప్పకుండానే ఇది రావచ్చు, స్కానులో కనిపించదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, మసక, మందకొడితనం, ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడగడం, "ఏదో తేడాగా ఉంది" అనడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజుకు ఆట చాలించాలి. వాంతులు పదేపదే అవుతున్నా, నొప్పి పెరుగుతున్నా, మగతగా ఉన్నా, మూర్ఛ వచ్చినా వెంటనే స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోన్ దూరంగా పెట్టడం. తర్వాత మెల్లగా నడక, బడి, తేలికపాటి పరుగు, అన్నీ సర్దుకుని వైద్యుడు సరేనన్నాకే ఢీకొనే ఆట. పిల్లలకు దీనికి నెల రోజులు పట్టడం మామూలే.

ఎందుకింత జాగ్రత్త? మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగిలితే మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం పోవచ్చు. 2013లో ఒట్టావాలో రోవన్ స్ట్రింగర్ అనే పదిహేడేళ్ళ రగ్బీ క్రీడాకారిణి, కొద్దిరోజుల వ్యవధిలో వరుసగా తల దెబ్బలు తగిలి ఇలాగే మరణించింది. ఒంటారియో శాసనసభ ఆమె పేరు మీదుగా 2018లో చట్టం చేసింది. తల దెబ్బ అనుమానం వస్తే పిల్లలను ఆట నుంచి తప్పించాలి, వైద్యుడు చూడనిదే తిరిగి రానివ్వకూడదు. మా మనవడు ప్రతి సీజను మొదట్లో ఈ నియమాలు చదివినట్టు ఒప్పుకుంటేనే మైదానంలో దిగుతాడు.

హాకీలో వారు ఇంకొక పని కూడా చేశారు. ప్రత్యర్థిని ఒంటితో గుద్ది ఆపడం ఆ ఆటలో భాగం. క్యుబెక్‌లో పన్నెండేళ్ళ పిల్లలకు అది నిషిద్ధం, ఆల్బర్టాలో అనుమతి ఉండేది. రెండుచోట్లా కలిపి రెండు వేలకు పైగా పిల్లలను గమనించి 2010లో కరొలిన్ ఎమరీ బృందం ప్రకటించిన ఫలితం ఏమిటంటే, గుద్దులు అనుమతించినచోట గాయాలు మూడు రెట్లకు మించి ఉన్నాయి. 2011లో అమెరికా, 2013లో కెనడా మొత్తం ఆ వయసు పిల్లలకు గుద్దడం మాన్పించాయి. "ఇలాగైతే మగతనం లేని ఆటగాళ్ళు తయారవుతారు" అని పాతతరం వారు గోల చేశారు. అయినా నియమం మారలేదు, గాయాలు తగ్గాయి.

మన కబడ్డీని అలా మార్చమని నేను అనను. పట్టు లేకపోతే అది కబడ్డీయే కాదు. కానీ వయసు కాగితం ఒక్కటే చూసి, నలభై కిలోలవాడి మీదికి అరవై కిలోలవాణ్ణి వదలడం ఎందుకు? ఇంగ్లండు ఫుట్‌బాల్ అకాడమీలు కొన్ని ఆటల్లో పిల్లలను పుట్టిన సంవత్సరంతో కాక ఎదుగుదల దశను బట్టి విడదీసి ఆడిస్తున్నాయి. మనకు తూనిక యంత్రం ఒకటి చాలు. బరువు కట్టి జట్లు విడదీయడం కబడ్డీకి కొత్తేమీ కాదు కూడా.

గుంటూరు నుంచి వెళ్ళిన కిదాంబి శ్రీకాంత్ 2011 కామన్వెల్త్ యువజన క్రీడల్లో పతకాలు తెచ్చింది డబుల్స్‌లో. పద్దెనిమిదేళ్ళప్పుడు అతణ్ణి సింగిల్స్ తార అని ఎవరూ అనలేదు. పుల్లెల గోపీచంద్ అతణ్ణి సింగిల్స్ వైపు మళ్ళించారు. 2014లో చైనాలోనే లిన్ డాన్‌ను ఓడించాడు, 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు, 2018 ఏప్రిల్‌లో ప్రపంచంలో మొదటి స్థానం. (ఆయన పుట్టింది ఫిబ్రవరిలో, కనుక నా నెలల వాదానికి ఉదాహరణగా వాడుకోలేను, ఆ నిజాయితీ నాకుంది.) పద్దెనిమిదేళ్ళకు కూడా కనిపించనిది పన్నెండేళ్ళకు మైకు పట్టుకున్నవారికి ఎలా కనిపిస్తుంది?

అమ్మాయికి ఇదంతా విడమరచి చెప్పాను. పొడి ఏదీ వద్దన్నాను. వాడు రెండో జట్టులోనే సంతోషంగా ఆడుతున్నాడా అని అడిగాను. ఆమె ఫోన్ వాడి చేతికిచ్చింది. "తాతయ్యా, ఈ జట్టులో నాకు ఎక్కువసేపు ఆట దొరుకుతుంది" అన్నాడు, చెమటతో, ఒక పన్ను ఊడిన నవ్వుతో. (పన్ను తనంతట తనే ఊడిందట. నేను అడిగి మరీ రూఢి చేసుకున్నాను.)

మొన్న మా పక్క ఊరి పీఈటీ మాస్టారు వచ్చారు. వచ్చే సంక్రాంతి పోటీలకు వైద్యుడిగా కూర్చోమన్నారు. ఆ పాత సంఘటన తర్వాత నేను అలాంటి చోటికి వెళ్ళలేదు. రెండు షరతులు పెట్టాను. తల దెబ్బ తగిలినవాణ్ణి నేను బయటికి పిలిస్తే, అది ఆఖరి ఆటైనా సరే, సర్పంచిగారి అబ్బాయైనా సరే, ఎవరూ మాట్లాడకూడదు. రెండోది, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను బరువు తూచి రెండు వర్గాలుగా ఆడించాలి. మొదటిదానికి మాస్టారు అక్కడికక్కడే ఒప్పుకున్నారు. రెండోదానికి కమిటీని అడిగి చెబుతానన్నారు. వారం దాటింది, ఇంకా కబురు రాలేదు. బరువు తూచే యంత్రం మాత్రం అటక మీదినుంచి దింపి తుడిచి పెట్టుకున్నాను.